నాటో ఈశాన్య అంచున

సోమవారం, ట్రోమ్సో

మా పెద్దమ్మ కొడుకు నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సో విశ్వవిద్యాలయంలో సముద్రపు మంచు మీద పరిశోధన చేస్తున్నాడు. "అన్నా, అరోరా చూడాలంటే డిసెంబరులో రా. రష్యా సరిహద్దు చూడాలంటే మాత్రం సెప్టెంబరు దాటకూడదు, చలికాలంలో ఆ చివరి రోడ్డు మూసేస్తారు" అని ముందే చెప్పాడు. నేను వచ్చింది సరిహద్దు కోసమే. 2023 ఏప్రిల్ 4న ఫిన్లాండ్, 2024 మార్చి 7న స్వీడన్ నాటోలో చేరాయి. దాంతో ఉత్తర ధ్రువ ప్రాంతపు దేశాల వేదికైన ఆర్కిటిక్ మండలిలోని ఎనిమిది దేశాల్లో ఏడు ఒక కూటమిలో ఉన్నాయి, రష్యా ఒంటరిగా మిగిలింది. ఈ లెక్క పేపర్లో చదవడం వేరు, ఆ గీత పక్కన ఇల్లు కట్టుకుని బతకడం వేరు. అలా బతికేవాళ్లతో మాట్లాడాలని 2025 సెప్టెంబరు చివర్లో బయల్దేరాను.

ఆర్కిటిక్ మండలి సచివాలయం ట్రోమ్సోలోనే ఉంది. 1996లో మండలి పెట్టినప్పుడే సైనిక విషయాలు ఇక్కడ మాట్లాడకూడదని రాసుకున్నారు. అందుకే పాతికేళ్లు బాగా నడిచింది. 2013లో భారత్ కూడా పరిశీలక దేశంగా చేరింది. ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తాక 2022 మార్చిలో మిగతా ఏడు దేశాలు రష్యాతో కూర్చోవడం ఆపేశాయి. తర్వాత కొన్ని పనులు మెల్లగా మొదలయ్యాయి గానీ పాత ఊపు రాలేదు. దీనివల్ల పోయిందేమిటో మా తమ్ముడు తన గదిలో కంప్యూటర్ మీద చూపించాడు. ఆర్కిటిక్ తీరంలో దాదాపు సగం రష్యాదే. అక్కడి కొలతలు ఇప్పుడు సరిగ్గా రావడం లేదు. తెర మీద మ్యాపులో నార్వే, కెనడా వైపు చుక్కలు చీమల బారులా ఉంటే సైబీరియా తీరం పొడుగునా ఖాళీ.

"మంచు కరిగేది మాత్రం రెండు వైపులా కదా అన్నా" అన్నాడు. వాడి గొంతులో నిజమైన బాధ ఉంది.

సాయంత్రం ఊరికి దక్షిణంగా ఫ్యోర్డు (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఒడ్డున ఒక కొండ చూపించాడు. పేరు ఓలావ్స్‌వెర్న్. లోపలంతా తొలిచి కట్టిన జలాంతర్గాముల స్థావరం. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో దాదాపు 400 కోట్ల నార్వే క్రోనర్లు పోసి కట్టారు. ఇక రష్యాతో గొడవే లేదనుకుని 2009లో మూసేశారు. 2013లో 3.8 కోట్ల క్రోనర్లకు ప్రైవేటు వాళ్లకు అమ్మేశారు. కొన్నాళ్లు రష్యా సర్వే ఓడలు కూడా అక్కడ అద్దెకున్నాయి. ఇప్పుడేమో అమెరికా అణు జలాంతర్గాములు ఆగడానికి ట్రోమ్సోకి ఉత్తరాన మరో రేవును వాడుతున్నారు. విశాఖలో పెరిగినవాణ్ణి, ఆర్కే బీచ్‌లో సోవియట్ వాళ్లు కట్టిన కురుసుర జలాంతర్గామిలోకి ఎక్కి దిగాను. ఒక స్థావరం కట్టడానికి ఎన్నేళ్ల కష్టం పడుతుందో మా ఊళ్లో అందరికీ తెలుసు. దాన్ని అంత తేలిగ్గా వదిలేసుకున్నారంటే, ఆ రోజుల్లో శాంతి మీద నార్వేకి ఎంత నమ్మకముండేదో ఊహించుకోవచ్చు. ఆ నమ్మకాన్ని తప్పని అనలేను.

మంగళవారం, కిర్కెనెస్

చిన్న విమానం. తూర్పుకి పోయేకొద్దీ జీపీఎస్ పనిచేయదని అందరికీ తెలుసు. నార్వే ఈశాన్య కొసన ఉన్న తూర్పు ఫిన్‌మార్క్ మీద సంకేతాలను ఇలా చెడగొట్టే జామింగ్ 2017లో మొదలై, 2022 తర్వాత దాదాపు రోజువారీ వ్యవహారమైంది. అడ్డు సంకేతాలు రష్యాలోని కోలా ద్వీపకల్పం వైపు నుంచి వస్తున్నాయని నార్వే అధికారులే చెప్పారు. పైలట్లు నేల మీది రేడియో పరికరాల సాయంతో దింపుతారు. పక్క సీట్లో ఉన్నావిడ నర్సు. ఆవిడకు విమానం గురించి టెన్షన్ లేదు, ఆవిడ బెంగంతా ఎయిర్ అంబులెన్సు గురించే. ఇక్కడి నుంచి పెద్దాసుపత్రికి రోగిని తీసుకెళ్లాలంటే ఆకాశమే దారి. పొగమంచు పట్టిన రాత్రి జీపీఎస్ కూడా లేకపోతే ఎలాగని అడిగింది. యుద్ధం ప్రకటించకుండానే పొరుగువాణ్ణి ఇలా ఇబ్బంది పెట్టడం నాకు చాలా అన్యాయమనిపించింది. క్షిపణుల గురించి రాసేవాళ్లు ఈ నర్సు అడిగిన ప్రశ్న గురించి రాయరు.

కిర్కెనెస్ మూడున్నర వేల జనాభా ఉన్న ఊరు. వీధి బోర్డుల మీద నార్వే భాష కింద రష్యన్ అక్షరాలు ఇంకా ఉన్నాయి. రష్యా నగరం మూర్మాన్స్క్ నుంచి నెలనెలా వ్యాపారులొచ్చి కూడలిలో సంత పెట్టేవారట. 2012 నుంచి సరిహద్దుకి 30 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లకి వీసా అక్కర్లేని కార్డులిచ్చారు. నార్వే వాళ్లు రష్యాలోని నికెల్ పట్నానికెళ్లి చవగ్గా పెట్రోలు కొట్టించుకొచ్చేవారు, రష్యా వాళ్లు ఇటొచ్చి కాఫీ పొడి, పసిపిల్లల డైపర్లు కొనుక్కుపోయేవారు. కుర్రాళ్లు అటూ ఇటూ హాకీ ఆడారు, పెళ్లిళ్లు జరిగాయి. 1993 జనవరిలో బారెంట్స్ ప్రాంత సహకార ప్రకటన మీద సంతకాలు పడింది కూడా ఈ ఊళ్లోనే. 2023లో రష్యా అందులోంచి బయటికెళ్లిపోయింది.

ఊరి మధ్య చిన్న ఎత్తు మీద తుపాకీ పట్టిన సోవియట్ సైనికుడి విగ్రహం ఉంది. నాటో దేశంలో ఎర్రసైన్యం విగ్రహమేమిటని ఆశ్చర్యపోయేవాళ్లు 1944 గురించి తెలుసుకోవాలి. జర్మన్లు ఆక్రమించిన ఈ ఊరి మీద సోవియట్ విమానాలు 300 సార్లకు పైగా బాంబులేశాయి. జనం తలదాచుకున్న ఆండెర్స్‌గ్రోట్టా గుహలోకి ఇప్పటికీ మెట్లు దిగి వెళ్లొచ్చు, లోపల ఎముకలు కొరికే చలి. పక్కన బ్యోర్నెవాట్న్ ఇనుప గని సొరంగంలో సుమారు మూడు వేలమంది నెలల తరబడి దాక్కున్నారు, పిల్లలు కూడా అక్కడే పుట్టారు. 1944 అక్టోబరు 25న ఎర్రసైన్యం వచ్చి వాళ్లను బయటికి తెచ్చింది. 1945 సెప్టెంబరులో ఎవరూ గెంటకుండానే వెనక్కి వెళ్లిపోయింది. తూర్పు ఐరోపాలో చాలాచోట్ల అలా జరగలేదు కాబట్టి కిర్కెనెస్ వాళ్లు ఆ కృతజ్ఞత మర్చిపోలేదు. ఉక్రెయిన్ దండయాత్ర తర్వాత ఆ విగ్రహం దగ్గర రష్యా కాన్సుల్ పూలగుత్తి పెట్టడం మీదే ఊళ్లో గొడవలయ్యాయి. ఆ సైనికుల్లో ఉక్రెయిన్ వాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల తరఫున ఎవరు పూలు పెట్టాలని అక్కడి జనం అడుగుతున్నారు. సరైన ప్రశ్నే.

ఊరి లైబ్రరీలో రష్యన్ పుస్తకాల అల్మరా ముందు చాలాసేపు నిలబడిపోయాను. విశాలాంధ్ర వ్యానులో మాస్కోలోని రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు రూపాయి రెండ్రూపాయలకు కొనుక్కుని చదివిన తరం మాది. ఆ మందపాటి కాగితం, ఆ బొమ్మలు, ఆ వాసన మర్చిపోలేం. రష్యా అంటే మాకు ముందు తోచేది ఆ పుస్తకాలే. నార్వే ఒడ్డు నుంచి రష్యాని చూడబోతున్నానంటే మనసు కాస్త బరువెక్కింది.

బుధవారం, స్టోర్‌స్కోగ్, గ్రెన్సె యాకోబ్‌సెల్వ్

గైడు ఒక రిటైర్డ్ స్కూలు టీచరు. ఉదయం ఎనిమిదికి కారు తెచ్చాడు. పావుగంటలో స్టోర్‌స్కోగ్ వచ్చింది. నార్వే, రష్యా సరిహద్దు సుమారు 198 కిలోమీటర్లుంటుంది, దాని మీద దారి ఇదొక్కటే. 2023 చివర్లో ఫిన్లాండ్ తన 1,340 కిలోమీటర్ల సరిహద్దు దారులన్నీ మూసేసింది. ఆర్కిటిక్‌లో షెంగెన్ దేశాల (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న ఐరోపా దేశాల) నుంచి రష్యాలోకి నేల మీద వెళ్లాలంటే ఇక ఈ గేటే మిగిలింది. 2024 మే నుంచి రష్యా పర్యాటకులను నార్వే కూడా రానివ్వడం లేదు. మేం నిలబడి చూసినంతసేపట్లో రెండు కార్లు మాత్రమే వెళ్లాయి.

2015లో ఇదే గేటు దగ్గర ఏం జరిగిందో ఆయన చెప్పాడు. ఈ దారిలో నడిచి దాటడాన్ని రష్యా ఒప్పుకోదు. కాగితాల్లేనివాళ్లని కారులో తెస్తే నార్వే డ్రైవరుని శిక్షిస్తుంది. సైకిలు గురించి ఎవరూ ఏ రూలూ రాయలేదు. సిరియా, అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులు మూర్మాన్స్క్ వైపు సైకిళ్లు కొనుక్కుని, వాటి మీద ఈ గేటు దాటారు. కొన్ని నెలల్లోనే సుమారు 5,500 మంది. దాటినవెంటనే సైకిళ్లు అక్కడే వదిలేసేవాళ్లు. కొత్త సైకిళ్లు గుట్టలు పడ్డాయి, చాలా వాటికి బ్రేకులు కూడా సరిగా లేవట. ఆ మరుసటి ఏడు నార్వే ఇక్కడ 200 మీటర్ల కంచె కట్టింది. 2023లో ఫిన్లాండ్ వైపు మళ్లీ అలాగే 1,300 మంది వచ్చినప్పుడు ఫిన్లాండ్ ప్రభుత్వం దాన్ని రష్యా పన్నిన ఒత్తిడిగా చూసి దారులు మూసేసింది. దేశాలు ఒకదాన్నొకటి ఇరుకున పెట్టడానికి దిక్కులేని మనుషులను వాడుకోవడం నాకు తీవ్రమైన తప్పుగా కనిపిస్తుంది.

అక్కణ్ణించి సముద్రం దాకా గంట ప్రయాణం. బిర్చి ఆకులు పసుపుపచ్చగా మారి రాలుతున్నాయి. చివరికి రోడ్డు యాకోబ్ ఏరు పక్కనే నడుస్తుంది. ఆ ఏరే సరిహద్దు. చాలా చోట్ల మోకాలి లోతు నీళ్లు, పది పదిహేను అడుగుల్లో అవతలి ఒడ్డు. ఇటువైపు నల్లటి తలతో పసుపురంగు స్తంభం, అటువైపు ఎరుపు, ఆకుపచ్చ చారల రష్యా స్తంభం. మధ్యలో ముళ్లకంచె లేదు. గైడు నాకు నియమాలన్నీ వరసగా చెప్పాడు: ఏటి మధ్యగీత దాటకూడదు, అవతల ఎవరైనా కనిపిస్తే పలకరించకూడదు, చెయ్యి ఊపకూడదు, రాయి కూడా విసరకూడదు, అటు తిరిగి మూత్రం పోయకూడదు. ఏది చేసినా జరిమానా తప్పదు. ఇవన్నీ చిన్న విషయాల్లా కనిపించవచ్చు. కానీ ఒక రాయి పడితే అవతలి సైనికుడు ఏమనుకుంటాడోనని రెండు వైపులా దశాబ్దాల పాటు జాగ్రత్తపడ్డారు, అందుకే ఇక్కడ తుపాకీ పేలలేదు. ఇరువైపులా సరిహద్దు కమిషనర్లున్నారు. తప్పిపోయిన పడవ, దారి తప్పిన రెయిన్‌డీరు గురించి వాళ్లు ఇప్పటికీ మాట్లాడుకుంటారు.

ఏరు సముద్రంలో కలిసేచోట రాతితో కట్టిన చిన్న చర్చి ఉంది, 1869 నాటిది. ఆ కాలంలో రష్యా జాలరులు ఇటొచ్చి చేపలు పడుతున్నారని స్థానికులు మొర పెట్టుకున్నారు. ముందు యుద్ధనౌకను పంపాలనుకున్నారు. దానికంటే చర్చి కడితే సరిహద్దు ఎక్కడుందో అందరికీ తెలుస్తుందని ఒక నౌకాదళ అధికారి సలహా ఇచ్చాడు. తర్వాత రెండో ఆస్కార్ రాజు ఇక్కడికి రావడంతో చర్చికి ఆయన పేరు పెట్టారు. తలుపు తాళం వేసి ఉంది. కిటికీలోంచి తెల్లటి గోడలు, చెక్క బెంచీలు కనిపించాయి. సముద్రం మీది నుంచి గాలి ఈడ్చి కొడుతోంది. అవతలి గుట్ట మీద రష్యా కాపలా టవరు. అందులో ఎవరైనా ఉన్నారో లేదో తెలియలేదు.

ఈ గీత 1826లో గీశారు. అంతకుముందు ఇక్కడి ఆదివాసులైన స్కోల్ట్ సామీలు ఇటు నుంచి అటు రెయిన్‌డీర్ల వెంట ఏటా తిరిగేవారు. గీత వచ్చాక ఒకే కుటుంబం వాళ్లు రెండు రాజ్యాల మనుషులైపోయారు. భద్రత గురించి రాజధానుల్లో జరిగే చర్చల్లో సామీల ఊసు దాదాపు వినపడదు.

కారులో తిరిగొస్తుంటే గైడు మొహమాటపడుతూనే అడిగాడు: "మీ దేశం ఎవరి వైపు?"

మా దేశం చాలా ఏళ్లుగా రష్యాతో స్నేహంగా ఉంది, ఆయుధాలు, చమురు కొంటుంది, అందుకే బహిరంగంగా తప్పుపట్టదు అన్నాను. నా మాట అడిగితే మాత్రం, పక్క దేశం మీదికి సైన్యాన్ని పంపడం ఎవరు చేసినా తప్పే అని చెప్పాను. ఆయన తలూపాడు, ఇంకేమీ అనలేదు.

గురువారం, కిర్కెనెస్

పొద్దుట్నుంచి వాన. కాఫీ షాపులో సరిహద్దు దళంలో పనిచేస్తున్న పంతొమ్మిదేళ్ల అమ్మాయి కలిసింది. నార్వేలో ఆడపిల్లలకు కూడా నిర్బంధ సైనిక సేవ ఉంది. కాలినడకన గస్తీ, టవరు మీద బైనాక్యులర్లు, చలికాలంలో స్నోమొబైల్. భయం వేయదా అంటే, చీకటి కాలం మొదట్లో నిద్ర పట్టడమే కష్టమంది.

గదికొచ్చి నోట్సు రాసుకుంటూ ఈ దేశం పెట్టుకున్న పద్ధతి గురించి ఆలోచించాను. 1949లో నాటోలో చేరినప్పుడే, మామీద దాడి జరగనంతవరకూ విదేశీ సైన్యాలకు శాశ్వత స్థావరాలివ్వమని నార్వే మాస్కోకి చెప్పింది. తర్వాత అణ్వాయుధాల విషయంలోనూ అదే మాట. ఫిన్‌మార్క్ తూర్పున మిత్రదేశాల విమానాలు, విన్యాసాలు లేకుండా చాలాకాలం చూసుకుంది. ఒకరి మీద దాడిని అందరి మీద దాడిగా చూస్తామనే ఐదో అధికరణం ఒక చేతిలో, నీ గుమ్మంలోకి రామనే హామీ మరో చేతిలో పెట్టుకుంది. చిన్న దేశానికి ఇంతకంటే తెలివైన విధానం నాకు తెలియదు.

ఇప్పుడు ఆ రెండో చెయ్యి కొద్దికొద్దిగా ముడుచుకుంటోంది. 2021 ఒప్పందంతో నార్వే గడ్డ మీద అమెరికాకు కొన్ని సైనిక ప్రాంతాలు కేటాయించారు, 2024లో ఇంకొన్ని కలిపారు. ఫిన్‌మార్క్‌లో కొత్త బ్రిగేడ్ కడుతున్నారు. 2024 మార్చిలో జరిగిన నార్డిక్ రెస్పాన్స్ విన్యాసాల్లో 13 దేశాల సైనికులు 20 వేలకు పైగా పాల్గొన్నారు. ఇదంతా అనవసరమని అనలేను. ఉక్రెయిన్‌ను చూశాక ఫిన్లాండ్ వాళ్లు ఒంటరిగా ఎలా ఉంటారు? అయితే ఇక్కడో విషయం గమనించాలి. సరిహద్దుకి అవతలున్న పెచెంగా బ్రిగేడును ఉక్రెయిన్ యుద్ధానికి తరలించారు, అక్కడ ఘోరంగా దెబ్బతింది. కోలాలో రష్యా పదాతి బలం మునుపటిలో ఐదో వంతుకి పడిపోయిందని నార్వే సైన్యాధిపతి 2023లో చెప్పారు. అణు క్షిపణులు మోసే జలాంతర్గాములు మాత్రం చెక్కుచెదరలేదు. ప్రమాదమంతా నీళ్లలోనే ఉంది. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, బ్రిటన్ మధ్య సందు గుండా ఆ జలాంతర్గాములు అట్లాంటిక్‌లోకి దిగకుండా చూడటమే నాటోకి ముఖ్యం, తన జలాంతర్గాముల దరిదాపులకు ఎవరూ రాకుండా చూసుకోవడం రష్యాకి ముఖ్యం. అందుకే నార్వే సైనిక ప్రధాన కేంద్రానికీ సేవెరొమోర్స్క్‌లోని రష్యా ఉత్తర నౌకాదళానికీ మధ్య నేరుగా మాట్లాడుకునే లైనును తీసేయలేదు. వారానికోసారి పనిచేస్తోందో లేదో చూసుకుంటారు.

శుక్రవారం, వార్డో

మధ్యాహ్నం కిర్కెనెస్‌లో ఓడెక్కితే మూడు గంటలకు పైగా ప్రయాణం. వార్డో చిన్న దీవి, నార్వేలో అన్నిటికంటే తూర్పున ఉన్న పట్నం. ఓడ మలుపు తిరగ్గానే ముందు కనిపించేవి తెల్లటి రాడార్ గోపురాలు, వాటి కింద రంగురంగుల చెక్క ఇళ్లు, చేపల షెడ్లు. ఆ రాడార్ల పేరు గ్లోబస్. అమెరికా సొమ్ముతో కట్టారు, నార్వే సైనిక గూఢచారి విభాగం నడుపుతుంది. అంతరిక్షంలో తిరిగే వస్తువులను గమనించడానికని అధికారికంగా చెబుతారు. 2000లో తుపానుగాలికి గోపురం చిరిగి, లోపలి డిష్ రష్యా వైపు తిరిగి ఉండటం ఊరంతా చూసింది. హుద్‌హుద్ రోజున మా కైలాసగిరి రాడార్ కూడా గాలికి దెబ్బతింది, కాకపోతే అది వర్షాల కోసం పెట్టింది. ఇక్కడిది దేనికోసమో రష్యాకి బాగా తెలుసు. 2017 మార్చిలో తొమ్మిది రష్యా యుద్ధ విమానాలు దాడికి వస్తున్నట్టు బారులు తీరి ఈ రాడార్ వైపు వచ్చి, దగ్గర్లో వెనక్కి తిరిగాయి. ఆ సంగతి మరుసటి ఏడాది నార్వే గూఢచారి అధిపతే బయటపెట్టాడు.

నేను దిగిన ఇంటావిడ వంటింటి కిటికీలోంచి ఆ గోపురం నిండుగా కనిపిస్తుంది. "యుద్ధమొస్తే మొదటి బాంబు మా మీదే పడుతుందని మాకు చిన్నప్పట్నుంచీ తెలుసు" అంటూ చేపల పులుసు వడ్డించింది. ఆవిణ్ణి ఇప్పుడు కుదురుగా ఉండనివ్వనిది మరో విషయం. డెన్మార్క్ కూడా నాటో సభ్యదేశమే. దాని కింద ఉన్న గ్రీన్‌లాండ్ తమకు కావాలని, బలప్రయోగం చేయబోమని హామీ ఇవ్వలేనని 2025 జనవరిలో ట్రంప్ అన్నప్పట్నుంచి, ఈ రాడార్ ఎవరి కోసం మోస్తున్నామని ఊళ్లో మాట్లాడుకుంటున్నారట. కూటమిలో ఒక సభ్యుడు మరో సభ్యుడి భూమి అడిగితే ఐదో అధికరణానికి అర్థమేమిటి? ఆవిడ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఈ దీవి మనుషులు తమ నెత్తి మీద గురి పెట్టించుకుని కూటమికి కళ్లుగా ఉన్నారు. వాళ్లకి కనీసం సూటి మాట దక్కాలి.

శనివారం, బోట్స్‌ఫ్యోర్డ్

మళ్లీ ఓడ, రాత్రికి బోట్స్‌ఫ్యోర్డ్. రష్యా చేపల ఓడలు రావడానికి నార్వే తెరిచి ఉంచిన మూడు రేవుల్లో ఇదొకటి, మిగతావి ట్రోమ్సో, కిర్కెనెస్. రేవులో ఒక రష్యా ట్రాలర్ కట్టేసి ఉంది. పోలీసులు, కస్టమ్స్ వాళ్లు ప్రతి ఓడనూ తనిఖీ చేస్తారు.

ఇంత జరిగినా బారెంట్స్ సముద్రంలో కాడ్ చేపని ఈ రెండు దేశాలూ కలిసే పంచుకుంటున్నాయి. కారణం చేప బతుకులోనే ఉంది. అది గుడ్లు పెట్టేది నార్వే తీరంలో, పిల్లగా తిరిగి పెరిగేది ఎక్కువగా రష్యా జలాల్లో, పెద్దదై పట్టుబడేది మళ్లీ నార్వే వైపు. ఒకరు పిల్ల చేపల్ని ఊడ్చేస్తే రెండోవాళ్లకేమీ మిగలదు. 1970లలో పెట్టుకున్న ఉమ్మడి సంఘం ప్రచ్ఛన్న యుద్ధంలోనూ ఏటా కూర్చుంది. ఆ రోజుల్లో ఆగని పని 2025లో ఆగేలా కనిపించింది. 2025 కాడ్ కోటా (పట్టుకోదగ్గ మొత్తం) 3,40,000 టన్నులు, 1991 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. 2025 జులైలో నార్వే రెండు పెద్ద రష్యా చేపల కంపెనీల మీద ఆంక్షలు పెట్టింది. వాటి ఓడలు గూఢచర్యానికి ఉపయోగపడుతున్నాయని ఐరోపా ఆరోపణ. తన జలాల్లోకి నార్వే ఓడలను రానివ్వనని రష్యా బెదిరించింది.

రేవులో పనిచేసే పెద్దాయన ఒకాయన రెండు వైపుల మాటలూ చెప్పాడు. గూఢచారి ఓడ రేవులోకి రావడం తనకీ ఇష్టం లేదు, ఆంక్షలు పెట్టక తప్పదు. కానీ కోటా మాటలు తెగిపోతే ఎవరికి దొరికినంత వాళ్లు పట్టుకుంటారు, ఐదేళ్లలో ఈ రేవుకి పని ఉండదు అన్నాడు. చర్చలకెళ్లే నార్వే బృందంలో మత్స్యకారుల సంఘం వాళ్లు కూడా ఉంటారు, వాళ్లకి అవతలివాళ్ల ముఖాలు ముప్పై ఏళ్లుగా తెలుసు.

ఆ శీతాకాలం ఉత్తరాది వార్తల్లో నేను ముందు వెతికింది ఆ కోటా ఒప్పందం కోసమే.